వెయ్యికి తక్కువైన పాట

బతుకమ్మకు మన ఆడవాళ్ళు పాడటం మానేశారని ఎవరైనా అంటే నిన్నమొన్నటి దాకా నేను పోట్లాటకు దిగేదాన్ని. 2025లో సద్దుల బతుకమ్మ నాడు ఎల్లారెడ్డిలో మా మేనత్త వాళ్ళ వాడకట్టున నిలబడ్డాక ఆ ధైర్యం కాస్త తగ్గింది.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సులో గంట పైచిలుకు దారి. నేను పుట్టింది, పెరిగింది, బి.ఏ. చదివింది కామారెడ్డిలో. పాటలు నేర్చింది మాత్రం ఎల్లారెడ్డిలో. కామారెడ్డిలో మాకు రేడియో ఉండేది, ఎల్లారెడ్డిలో మా మేనత్త ఉండేది. రేడియో ఎంత బాగా పాడినా, మధ్యలో ఆగి "ఏందే, నోరు మెదపవ్?" అని గద్దించడం దానికి రాదు. మేనత్తకు వచ్చు.

ఆ ఏడు ఆగస్టు 27న కురిసిన వాన మా జిల్లాను ఎంత అతలాకుతలం చేసిందో మీరూ చదివే ఉంటారు. రోడ్లు కోసుకుపోయాయి, రైలు పట్టాల కింద మట్టి కూడా కొట్టుకుపోయింది. నెల తిరిగేసరికి పండుగ. అంత కష్టం తర్వాత ఆడవాళ్ళంతా ఒకచోట చేరితే పాట ఎట్లా ఉంటుందో విందామని, అబద్ధమెందుకు, నోటుబుక్కు కూడా సంచిలో వేసుకునే వెళ్ళాను. నవలలు వ్రాసేవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది!

బతుకమ్మలు ముచ్చటగా పేర్చారు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు. వాటి పక్కనే ట్రాలీ ఆటో మీద మనిషెత్తు స్పీకర్లు రెండు. ఎవరి పిల్లవాడి ఫోనులోంచో పాటలు ఒకదాని తర్వాత ఒకటి. అమ్మాయిలు పట్టుచీరలు కట్టుకుని, చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ ఎంతో చక్కగా ఆడుతున్నారు. ఒక్కరి పెదవీ కదలడం లేదు. మా మేనత్తా, ఆమె ఈడువాళ్ళూ అరుగు మీద కూర్చుని సినిమా చూసినట్టు చూస్తున్నారు.

"నువ్వు అందుకోలేదేం అత్తమ్మా?" అన్నాను.

"గంత పెద్ద గొంతేసుకొని అది పాడవట్టె. దాని మీదికెంచి నేనేం పాడాలె?" అన్నది.

ఆ 'అది' పాడిన అమ్మాయో, పాటో, స్పీకరో నాకు తెలియలేదు. అడగనూ లేదు.

కామారెడ్డి తిరిగివచ్చాక ఆ పాటలే ఫోనులో పెట్టుకుని, విమర్శ వ్రాయబోయేదాన్నిలాగా కుదురుగా కూర్చుని విన్నాను. గొంతులు బాగున్నాయి. డప్పు బాగుంది. మాటలు కూడా కొన్ని పాటల్లో బాగానే ఉన్నాయి. మరి లోపం ఎక్కడ? మూడోసారి వింటుంటే తట్టింది. ఆ పాటల్లో మన వంతు కూడా వాళ్ళే పాడేశారు.

బతుకమ్మ పాట ఎట్లా నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకామె సగం చరణం అందుకుంటుంది, మిగతా అందరూ ఉయ్యాల అనో, కోలు అనో, చందమామ అనో జవాబిస్తారు. ఆ జవాబు పాటకు అతికించిన అలంకారమని నేను చాలాకాలం అనుకున్నాను. మా మేనత్తను దగ్గరగా చూశాక తెలిసింది. అందరూ జవాబిస్తున్న ఆ రెండు క్షణాల్లోనే ఆమె ఊపిరి పీల్చుకునేది, తర్వాతి చరణం జ్ఞాపకం తెచ్చుకునేది, జ్ఞాపకం రాకపోతే అప్పటికప్పుడు కట్టేది. ఎదురుగా కొత్త కోడలు కనిపిస్తే కోడలు పాటలోకి వచ్చేది. కాలం కాకపోతే కరువు వచ్చేది. నడక కూడా అంతే. వలయంలో అందరికన్నా పెద్ద ముసలామె ఎంత మెల్లగా అడుగేస్తే పాట అంత మెల్లగా సాగేది. ఎంతసేపు అంటే, ఆడేవాళ్ళకు ఓపిక ఉన్నంతసేపు.

ఫోనులోని పాటలో జవాబు కూడా ముందే ముద్రించి ఉంటుంది. ఎక్కడా ఖాళీ ఉండదు. నాలుగైదు నిమిషాలకు అయిపోతుంది. ఆగస్టు వరద దానిలోకి రావడానికి సందు లేదు. 2021లో ఎ.ఆర్. రహమాన్ స్వరపరచగా, మిట్టపల్లి సురేందర్ వ్రాయగా, గౌతమ్ మేనన్ చిత్రీకరించిన 'అల్లిపూల వెన్నెల' వచ్చింది. హాయి అయిన పాట, ఇష్టంగా ఎన్నోసార్లు విన్నాను. ఒక్కసారి కూడా పాడలేదు. పాడాలని తోచనే లేదు. వినే పాట వేరు, అందుకునే పాట వేరు. మార్కెట్టుకు మొదటిదే కావాలి. అందుకునేవాళ్ళు ఎక్కువైతే కొనేవాళ్ళు తగ్గిపోతారు గదా!

పాటను కొలతకు కోయడం నిన్నా మొన్నా మొదలుకాలేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు, గంటసేపు విస్తరించదగిన రాగాన్ని సుమారు మూడు నిమిషాలకు కుదించింది. రికార్డు మీద అంతకన్నా చోటు లేదు మరి. ఆ పాటల చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. రికార్డులు జర్మనీలో తయారయ్యేవి, ఎవరి పాటో అక్కడివాళ్ళకు తెలియాలని అట్లా చెప్పించారంటారు. కారణం ఏదైనా, పాట చివర ఒక ఆడమనిషి పేరు వినబడింది. ఈ సంగతి తర్వాత నాకే అక్కరకొచ్చింది, చెబుతాను.

ఇంతవరకూ చదివి, "ఈమె కూడా పాతకాలమే బంగారమంటున్నది" అని మీరు పేజీ తిప్పేస్తారేమో. ఆగండి. పాతకాలంలో మా వాడకట్టు ఆడవాళ్ళకు పాటవల్ల దమ్మిడీ రాలేదు. ఒగ్గు కథకూ, బుడగ జంగాల కథకూ ఊళ్ళో కట్నాలుండేవి గానీ, అవి కులం లెక్కన ముట్టేవి. వాకిట్లో పాడించుకున్నవాళ్ళు ఆ కళాకారులను ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. ఆ ఏర్పాటును తిరిగి తెమ్మనడానికి నాకు నోరు రాదు. అనంతపురం జిల్లా తండాలో పుట్టిన మంగ్లి, గొంతే పెట్టుబడిగా టీవీకీ, అక్కణ్ణుంచి సినిమాకూ వెళ్ళి తన కాళ్ళ మీద తాను నిలబడింది. కనకవ్వలాంటి పెద్దవయసు పల్లెటూరి మనిషి పాటను లక్షలమంది ఫోనుల్లో విన్నారు. ఒకప్పుడు అటువంటి గొంతును ఏ స్టూడియో గడప తొక్కనిచ్చేది? మార్కెట్టు తెరిచిన తలుపులూ ఉన్నాయి. కాదంటే కళ్ళు పోతాయి.

అయితే ఆ తలుపులోంచి లోపలికి పోయేది ఎవరు, బయట నిలబడిపోయేది ఎవరు అన్నదే నా పేచీ. 'సారంగ దరియా' గొడవ జ్ఞాపకముందా? 2021 ఫిబ్రవరి చివర 'లవ్ స్టోరీ' సినిమా కోసం విడుదలై, మంగ్లి గొంతులో దేశమంతా మోగింది. జానపదం ఆధారంగా సుద్దాల అశోక్ తేజ వ్రాసిన పాట. అప్పుడు వరంగల్ వైపు గాయని కోమల ముందుకొచ్చి, ఆ పాటను సేకరించి టీవీలో పాడింది తానేనని, తనను మరిచిపోయారని బాధపడింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పారితోషికం, పేరు ఇస్తామని ప్రకటించారు. మంచిదే. కానీ ఆ వారమంతా పత్రికల్లో, టీవీల్లో నడిచిన వాదన ఏమిటి? పాట ఎవరిది, ఎవరిది అని. వ్రాసినవారిదా, సేకరించినవారిదా, పాడినవారిదా? కోమల కన్నా ముందు ఆ పాట పాడుకున్న అవ్వల మాట ఒక వాక్యంలో వచ్చి పోయింది. 'జానపదం' అనే మాట ఎంత మెత్తనిదో చూడండి. ఎవరిదీ కాదు అని చెప్పడానికి అంతకన్నా మర్యాదైన పదం దొరకదు.

చట్టం కూడా మొదట్లో పాడేవాళ్ళ పక్కన లేదు. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద హక్కులు నిర్మాతవే అని తేల్చినప్పుడు, జస్టిస్ కృష్ణయ్యర్ పాడినవాళ్ళకు చట్టంలో చోటు లేకపోవడం గురించి విడిగా నాలుగు మాటలు వ్రాశారు. 2012 సవరణతో పాట వ్రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో విడదీయరాని వాటా వచ్చింది. పేరున్నవాళ్ళకు అది మేలే. పేరే లేనివాళ్ళు ఏ కాగితం మీద సంతకం పెట్టాలి? అంతెందుకు, పేరున్నా చాలదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్య గొంతును 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఊరూవాడా విన్నాయి, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్నారని పత్రికల్లో చదివాం.

మార్కెట్టును కాదని వేరే దారులు వెతికినవాళ్ళు లేకపోలేదు. రేడియోహెడ్ అనే ఇంగ్లీషు బృందం 2007లో తమ పాటలను జనం ముందు పెట్టి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అన్నది. ప్రపంచమంతా పేరు మోసినవాళ్ళు గనుక చెల్లింది. మనవైపు గద్దర్ పాటలు నోటిమాటగా, చిన్న చిన్న పాటల పుస్తకాలుగా, క్యాసెట్లుగా పాకాయి. దానికొక ఉద్యమం అండ ఉంది. నాకు తెలిసిన మూడో దారి ఇంతకన్నా చాలా చిన్నది. దాన్ని మా ఎల్లారెడ్డి ఆడవాళ్ళు కనిపెట్టారు, కనిపెట్టామని వాళ్ళకే తెలియదు.

మా వైపు నుంచి మగవాళ్ళు దుబాయికీ, మస్కట్‌కూ పోవడం మీకు తెలిసిందే. నేను హైస్కూల్లో ఉండగా, తొంభైల మొదట్లో, అట్లా పోయినవాళ్ళు మొదటి సెలవుకు తప్పకుండా తెచ్చేది టేపు రికార్డరు. 1983లో గుల్షన్ కుమార్ టి-సిరీస్ పెట్టిన తర్వాత క్యాసెట్లు చవకయ్యాయి, హెచ్.ఎం.వి. కుక్కబొమ్మ పెత్తనం సడలింది అని పుస్తకాల్లో వ్రాస్తారు. మా వాడకట్టులో జరిగింది వేరు. ఉత్తరం వ్రాయరాని ఇల్లాలు ఖాళీ క్యాసెట్టు పెట్టి మొగుడితో మాట్లాడేది. బర్రె ఈనింది, చిన్నవాడికి జ్వరం తగ్గింది, మీ అమ్మ నన్నేమన్నదంటే అని. కాసేపటికి మాటలు అయిపోయేవి, క్యాసెట్టులో రీలు మిగిలేది. అప్పుడు చుట్టుపక్కల అమ్మలక్కలను పిలిచి పాట పాడించేది. మా మేనత్త అందుకునేది, మిగతావాళ్ళం జవాబు. మధ్యలో కోడి కూసేది, ఎవరో పిల్లవాణ్ణి "ఉష్" అనేవాళ్ళు. మళ్ళీ ఎవరైనా దుబాయి పోతుంటే ఆ క్యాసెట్టు వాళ్ళ చేతికిచ్చేవారు.

ఒక్కడి కోసం పాడిన పాట. ఒకటే ప్రతి. అది హిట్టా, ఫట్టా?

ఈ లెక్కల విషయంలో నాకు గురువు పాటలవ్వ. మేనత్త ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. యాభై ఏళ్ళుగా బీడీలు చేసిన చేతులు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కూలి వెయ్యికి ఇంత అని. బాగా లేవని పక్కకు తీసేసినవాటికి ఏమీ రాదు. పాట ఉంటే చెయ్యి ఆగదు, నడుం నొప్పి తెలియదు అని బీడీలతోబాటు పాటలూ చుట్టుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం స్పీకర్ల హోరు పడలేక నేను ఆమె గడపలోనే చేరాను. మాటల్లో ఫోను పాటల సంగతి చెప్పాను. స్పాటిఫై అనే పెద్ద కంపెనీ 2024 నుంచి ఒక నియమం పెట్టింది, గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వినబడని పాటకు రాయల్టీ లెక్క కట్టదు. ముప్పై సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు.

"వెయ్యికి నూరు తక్కువైతే?" అన్నది.

"ఏమీ రాదు అవ్వా."

"మా సేటే నయం గద బిడ్డా! వెయ్యికి నూరు తక్కువైతే నూటికే కోస్తడు. మిగిలిన పైసలు చేతుల పెడ్తడు."

నవ్వాను గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి పదేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది.

పదేళ్ళ క్రితం నా నవల ఒకటి సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, మూడు ముద్రణలు చూసింది. అందులో నాయిక పండుగకు పుట్టింటికి పోవాలని, అన్న వస్తాడని, మంజీర ఒడ్డున నిలబడి ఎదురుచూసే ఘట్టం ఉంది. అక్కడ ఒక పాట పెట్టాను. ఆ పాట చదివి కన్నీళ్ళు ఆగలేదని ఎందరో పాఠకురాళ్ళు ఉత్తరాలు వ్రాశారు. నేను పాటలవ్వ దగ్గర విని వ్రాసుకున్న పాట అది. పుస్తకంలో ఎక్కడా ఆమె పేరు లేదు. 'జానపద గీతం' అని బ్రాకెట్లో ఉంది. సారంగ దరియా గొడవ రోజుల్లో నేనూ అందరితో సమానంగా ఆవేశపడ్డాను, చివరకు ఏదో మీటింగులో మాట్లాడాను కూడా!

ఆ సాయంత్రం చెప్పేశాను.

"నా పాట నీ బుక్కుల పెట్టినవా?" అన్నది. ముఖంలో కోపం లేదు. "ఎన్ని పైసలొచ్చినయ్?"

నిజం చెప్పాను. ఆమె వేళ్ళ మీద ఎన్ని వేల బీడీలో లెక్క కట్టి "ఊ" అన్నది. "ఏదీ, సదువు."

మేనత్త ఇంట్లో ఉన్న ప్రతి తెప్పించి చదివాను. చదవడం అయ్యాక ఆమె ఇంకా నావైపే చూస్తున్నది.

"ఇంకేది?"

"అంతే అవ్వా."

"అంతేంది? అన్న రాలే?"

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ పాటలో అన్న వస్తాడు. నేను వ్రాసుకున్న నోటుబుక్కులోనూ వచ్చాడు. 1923 నుంచి 1931 వరకు నిజాంసాగర్ కట్టినప్పుడు మంజీర నీళ్ళు వెనక్కి తన్ని మా వైపు ఎన్నో ఊళ్ళు మునిగాయి. ఆ పాటలో అన్న వస్తాడు, చెల్లెలు పండుగ చీర కట్టుకుని వెంట బయలుదేరుతుంది, తీరా పోతే పుట్టినూరు నీళ్ళ కింద ఉంటుంది. మునిగిన ఊళ్ళను ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలుస్తూ అన్నాచెల్లెళ్ళు బతుకమ్మను ఆ నీళ్ళలోనే వదులుతారు. నేనేం చేశాను? ఊళ్ళ పేర్లు పాఠకులకు అడ్డం తగులుతాయనీ, ఎదురుచూపు దగ్గర ఆపితేనే ఆ వారం సీరియల్ రక్తికడుతుందనీ, మిగతాదంతా అడ్డగీత గీసి కొట్టేశాను. మూడు నిమిషాల రికార్డు కంపెనీని మీ ముందు ఆడిపోసుకున్నది ఈ చేతులతోనే వ్రాసి!

"గట్ల నడిమిట్ల ఇడిసిపెడ్తరా?" అన్నది పాటలవ్వ. "పదేండ్ల సంది ఆ పిల్లను ఒడ్డు మీదనే నిలవెట్టినవా?"

పేరు వేయనందుకు ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. పైసల గురించీ అనలేదు. ఆమెకు బాధ కలిగించింది అదొక్కటే. తర్వాత తనే అందుకున్నది, నేను కొట్టేసిన చోటునుంచి. బయట స్పీకరు ఆగలేదు. సగం మాటలు దానిలో కలిసిపోతున్నాయి. గొంతు విని మా మేనత్త అరుగు దిగి వచ్చింది, జవాబు మొదలుపెట్టింది. నన్ను చూసి "ఏందే, నోరు మెదపవ్?" అన్నది. నోటుబుక్కు సంచిలో పడేసి నేనూ జవాబిచ్చాను. రెండుచోట్ల తప్పాను. పాట చివర కొత్త చరణాలు నాలుగున్నాయి. ఆగస్టు వానకు తెగిన చెరువులు, కొట్టుకుపోయిన వరి, రాని రైలు. "ఇవెప్పుడు కట్టినవ్?" అని మేనత్త అడిగితే, "మొన్న బీడీలు చేస్కుంట" అన్నది.

నా నవల నాలుగో ముద్రణకు పోబోతున్నది. పాటను పూర్తిగా వేయిస్తాననీ, ముందు పేజీలో పేరు పెట్టిస్తాననీ, వచ్చినదాంట్లో వాటా ఇస్తాననీ చెప్పాను. వాటా మాటకు మొహమాటపడలేదు. "ఇయ్యి, ఎందుకొద్దంట?" అన్నది. పేచీ వచ్చింది పేరు దగ్గరే. గౌహర్ జాన్ లాగా పాట చివర పేరు చెప్పుకోవడానికి ఈమె ఒప్పుకోదు.

"నా ఒక్కదాని పేరేస్తే ఎట్ల బిడ్డా? మా అత్త నేర్పింది. ఆమెకు వాళ్ళ వదినె. ఊళ్ళ పేర్లు కలిపింది గాంధారి దిక్కు నుంచి నాట్లకొచ్చినామె. మరి జవాబు చెప్పినోళ్ళు? మీ మేనత్తది వెయ్యవా?"

కామారెడ్డి వచ్చి ప్రచురణకర్తకు ఫోను చేశాను. ముందు పేజీలో కొన్ని పేర్లు చేర్చాలన్నాను.

"ఎన్ని పేర్లండీ?" అన్నారాయన. పేజీ లెక్క చూసుకోవాలి గదా.

ఇంకా తెలియదన్నాను. గాంధారి నుంచి నాట్లకు వచ్చినామె పేరు మా మేనత్తకు గుర్తు రావడం లేదు. పాటలవ్వ వాళ్ళ ఆడబిడ్డకు తెలుసట. వచ్చే ఆదివారం మళ్ళీ ఎల్లారెడ్డి బస్సెక్కాలి.